ఐసోలేటర్ ఎంచే చేయి

కల్లూరు వైపు నుంచి భద్రాచలం వెళ్తే, గోదావరి వంతెనకు ఇవతలే సారపాకలో కాగితం మిల్లు. అలాంటి మిల్లుల్లో కంట్రోల్ ప్యానెల్‌కి సిగ్నల్ ఐసోలేటర్ ఎంచే ఇన్‌స్ట్రుమెంట్ మనిషంటే నాకు గౌరవం. చూడ్డానికి ఐసోలేటర్ డిన్ రైలుకు తగిలించే చిన్న డబ్బా. బాయిలర్ దగ్గరి ట్రాన్స్‌మిటర్ పంపే 4–20 మిల్లీఆంపియర్లను కాంతి ద్వారానో, బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానో ప్యానెల్‌లోని కంట్రోలర్ పీఎల్‌సీకి చేరవేస్తుంది. రెండు వైపుల తీగలను మాత్రం కలవనివ్వదు. అక్కడి ఎర్తుకూ ఇక్కడి ఎర్తుకూ వోల్టేజి తేడా ఉంటే, రీడింగు ఊగేది ఆ కలయిక వల్లే. అతను ముందు ధర చూడడు. ట్రాన్స్‌మిటర్ రెండు తీగలదా, నాలుగు తీగలదా? రెండు తీగలదైతే దాన్ని నడిపే 24 వోల్టులు ఎవరిస్తారు? అవతలి లోడు 500 ఓమ్‌లైతే 20 మిల్లీఆంపియర్లకు 10 వోల్టులు కావాలి, ఆ సత్తా ఉందా? ఇన్‌పుట్, అవుట్‌పుట్, సప్లై మూడూ దేనికది విడిగా ఉన్నాయా? (చౌక రకం తెచ్చి పీఎల్‌సీని తిట్టేవాళ్లకు కొదవలేదు.) తీగ తెగితే 4 కిందికి పడే సంకేతాన్ని డబ్బా దాచకుండా చెబుతుందా? అతను ఇన్ని చూశాకే ఆపరేటర్ తెరమీది ఆవిరి పీడనాన్ని నమ్మగలుగుతాడు. ప్యానెల్ కట్టించేవారు డ్రాయింగు ఖరారు చేయకముందే అతన్ని పిలవండి.