తాళం ఏ తలుపుకు?

సీసీ రోడ్డు పనుల కొలతల పుస్తకం (ఎంబీ) నకలు అడిగితే ఈ వారం ఓ ఆఫీసు నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది: కాన్ఫిడెన్షియల్. ఆ ముద్ర మీద నాకు పాత పగ ఉంది. కోరుట్ల బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ చెప్తే, మా వకీలు దోస్తు నవ్విండు: "నయం సారూ, అధికార రహస్యాల కేసు పెట్టలే!"

పెట్టాలన్నా అంత తేలిక కాదు. 1923 నాటి ఆ చట్టంలో 13వ సెక్షన్ ఉంది. ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన ఆఫీసరో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసును విచారణకు తీసుకోదు. పోలీసులూ పబ్లిక్ ప్రాసిక్యూటరూ కలిసి తేల్చుకునే పని కాదన్నమాట. రహస్యం ఎవరిదో, కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయమూ వాళ్లదే. అక్కడే నాకు ఒళ్లు మండేది.

2019 డిసెంబరులో విశాఖలో నేవీ సిబ్బందిని పట్టుకున్నారు. ఓడల కదలికలు పాకిస్తాన్‌కు చేరవేశారన్నది ఆరోపణ. అలాంటి కేసుకు అనుమతివ్వడానికి ఆలోచించేదేముంది? అదే ఏడాది రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కాగితాలు 'ది హిందూ' పత్రికకెక్కితే, అవి దొంగిలించినవని మార్చిలో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో ఈ చట్టం పేరెత్తారు. రెండ్రోజులకే, పోయింది ఒరిజినల్స్ కాదు, ఫొటోకాపీలన్నారు. ఆ పత్రిక మీద కేసు రాలేదు. చిన్న పత్రికైతే?

అందుకే ప్రభుత్వ అనుమతి ఉండాలన్న ఆ షరతు ఎత్తేయాలనేవాణ్ణి. ఇఫ్తికార్ గిలానీ సంగతి మళ్లీ చదివాక మాత్రం నోరు రావట్లేదు. 2002 జూన్‌లో ఢిల్లీలో ఆ జర్నలిస్టును అరెస్టు చేశారు. కంప్యూటర్లో దొరికింది కశ్మీర్‌లో బలగాల వివరాలున్న పత్రం. పాకిస్తాన్‌లో అచ్చయి, ఎవరైనా చదువుకోగలిగినది. మిలిటరీ ఇంటెలిజెన్స్ మొదట అది రహస్యమేనంది. తర్వాత కాదంది. 2003 జనవరిలో సర్కారే కేసు వాపసు తీసుకుంది. అప్పటికి ఏడు నెలలు తీహార్‌లో గడిచాయి.

అనుమతి లేకపోతే అలాంటి కేసు ప్రతి ఠాణాలోనూ పుడుతుంది. కానీ 13వ సెక్షన్ తాళం వేసింది కోర్టు తలుపుకే. జైలు తలుపు బార్లా తెరిచే ఉంది. ఓడల కదలికలు చేరవేస్తున్నవాణ్ణి పట్టుకోవడానికి ఆగలేం, నిజమే. కాగితం దొరికిందంటూ పెట్టే కేసుల్లోనైనా, అది రహస్యమేనని అరెస్టుకు ముందే రాసి, కింద తన పేరుతో సంతకం పెట్టే ఆఫీసరు ఒకరుండాలి.