వ్యాపార ప్రసంగంలో ప్రస్తావన: అనుబంధ చతుష్టయ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యాపార ప్రెజెంటేషన్‌ను ఎలా మొదలుపెట్టాలో బోధించే పుస్తకాలు ప్రారంభాన్ని శ్రోత దృష్టిని పట్టి నిలిపే ఉపాయంగా చూస్తాయి. శాస్త్రగ్రంథాల అనుబంధ చతుష్టయం, సంస్కృత నాటక ప్రస్తావన, తెలుగు కావ్యాల అవతారిక ఈ భావనను సమర్థిస్తాయా అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2007 నాటి ఐఫోన్ ఆవిష్కరణ, 2014 నాటి థెరనోస్ సంస్థాపకురాలి ప్రసంగం ఇందుకు ప్రధాన ఉదాహరణలు.

కీలక పదాలు: ప్రెజెంటేషన్, ప్రస్తావన, ప్రరోచన, అవతారిక, అధికారి, ప్రయోజనం, సంబంధం.

1. ఉపోద్ఘాతం

ప్రశ్నతో మొదలుపెట్టాలి, సొంత అనుభవం చెప్పాలి, దిగ్భ్రాంతి కలిగించే అంకెను తెరపై చూపాలి, కాసేపు మౌనంగా నిలబడాలి. ప్రసంగకళను బోధించే పుస్తకాలలో, శిక్షణ తరగతులలో తరచుగా వినిపించే సూచనలివి. వీటన్నిటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: శ్రోత అన్యమనస్కుడై ఉంటాడు, అతణ్ణి మొదటి నిమిషంలోనే లాగి పట్టుకోవాలి.

ఈ నమ్మకాన్ని అరిస్టాటిల్ ఏనాడో ప్రశ్నించాడు. ‘రెటోరిక్’ మూడవ భాగంలో ఉపక్రమాన్ని చర్చిస్తూ, శ్రద్ధ సడలేది ప్రసంగం నడిమి భాగాలలోనే తప్ప ఆరంభంలో కాదనీ, అందరూ చెవియొగ్గి ఉన్న సమయంలోనే శ్రద్ధగా వినమని అర్థించడం హాస్యాస్పదమనీ ఆయన అభిప్రాయపడ్డాడు. వ్యాపార సమావేశాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. పెట్టుబడి పెట్టదలచిన వ్యక్తి, కొనదలచిన సంస్థ ప్రతినిధి, అప్పు మంజూరు చేయవలసిన బ్యాంకు ఉద్యోగి తమ పనిమీదనే అక్కడ కూర్చుంటారు. వారి శ్రద్ధ మొదటి నిమిషంలో ఉచితంగానే దొరుకుతుంది. అలా దొరికిన శ్రద్ధను వక్త దేనికి వినియోగిస్తున్నాడన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

2. శాస్త్రారంభం: నాలుగు ప్రశ్నలు

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ తెలపాలన్నది మన శాస్త్రకారుల నియమం. దేనిని గురించి, ఎందుకు, చెప్పబోయేదానికీ సిద్ధించబోయేదానికీ లంకె ఏమిటి, ఎవరికోసం అన్నవి ఆ నాలుగు. ప్రయోజనం చెప్పనంతవరకు ఏ శాస్త్రాన్నైనా, ఏ పనినైనా ఎవరు చేపడతారని కుమారిలభట్టు ‘శ్లోకవార్తికం’లో ప్రశ్నించాడు. వైరాగ్యాన్ని బోధించే గ్రంథానికి కూడా తప్పని ఈ లౌకిక నియమాన్ని వ్యాపార ప్రసంగం విస్మరించడం వింతే.

నాలుగింటిలో నేటి వక్తలు ఎక్కువగా వదిలివేసేది ‘అధికారి’ని. ఇక్కడ ఆ మాటకు పదవిలో ఉన్నవాడని కాదు, ఆ విషయాన్ని వినడానికి అవసరమూ అర్హతా ఉన్నవాడని అర్థం. ఒకసారి తయారుచేసుకున్న స్లైడ్లను మార్చకుండా పదిమంది ముందు వల్లించే వక్త అధికారిని నిర్ణయించుకోని గ్రంథకర్త వంటివాడు.

3. పూర్వరంగం, ప్రస్తావన

నాట్యశాస్త్రం ఐదవ అధ్యాయం పూర్వరంగానికి పంతొమ్మిది అంగాలను చెప్పింది. ఇంత విస్తారమైన సన్నాహాన్ని విధించిన భరతుడే, అందులో గీత నృత్యాలు అతిగా సాగకూడదని హెచ్చరించాడు. సాగితే ప్రయోక్తలకూ ప్రేక్షకులకూ ఖేదమే మిగులుతుందని ఆయన చెప్పిన కారణం. వేదికనలంకరించిన పెద్దలను పేరుపేరునా సంబోధించి, నిర్వాహకులకు ధన్యవాదాలు చెప్పి, సంస్థ పుట్టిన సంవత్సరం నుంచి కార్యాలయాల పటం వరకు చూపించి, అప్పుడు అసలు మాటకు వచ్చే మన సభామర్యాదకు ఇంతకన్న సూటి విమర్శ దొరకదు.

పూర్వరంగంలోని ప్రరోచనను ధనంజయుడు ‘దశరూపకం’లో ప్రశంస ద్వారా సభ్యులను ఉన్ముఖులను చేయడంగా నిర్వచించాడు. ఉన్ముఖత అంటే ముఖం ఇటు తిప్పడమే కాదు, రాబోయేదాని వైపు తిప్పడం. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ ప్రస్తావనలో నటి గ్రీష్మగీతం పాడుతుంది. ఆ గానంలో లీనమైన సూత్రధారుడు తాను ప్రదర్శించవలసిన నాటకమేదో మరచిపోతాడు. నటి గుర్తుచేస్తుంది. లేడి వెంట దుష్యంతుడు లాగబడినట్లు తానూ పాటచేత లాగబడ్డానని అతడనగానే రాజు వేట వేషంలో ప్రవేశిస్తాడు. మరపు, గుర్తింపు అనే నాటక వస్తువంతా ఆ చిన్న సంభాషణలో బీజంగా ఉంది. ‘ముద్రారాక్షసం’లో సూత్రధారుడు చంద్రగ్రహణం మాట ఎత్తగానే, చంద్రగుప్తుని అభిభవింపజూచేదెవరని తెరవెనుక నుంచి చాణక్యుడు గర్జిస్తాడు. రెండుచోట్లా ప్రారంభం ఆకర్షణీయమే. కాని ఆ పాటను, ఆ గ్రహణాన్ని తీసి మరొక నాటకానికి తగిలించడం సాధ్యం కాదు. కరదీపికలు సూచించే ప్రారంభాలు ఏ ప్రసంగానికైనా తగిలించగలిగినవి. వాటి లోపం అక్కడే ఉంది.

4. ఐఫోన్ ఆవిష్కరణ: ఒక అపపఠనం

కార్మైన్ గాలో 2009లో స్టీవ్ జాబ్స్ ప్రసంగ రహస్యాలపై రాసిన పుస్తకాన్ని నాటకం వలె అంకాలుగా, రంగాలుగా విభజించాడు. ఆ పోలిక సముచితమే. అయితే అంతటా ఆదర్శంగా ఉదాహరించే 2007 జనవరి 9 నాటి మాక్‌వరల్డ్ ప్రసంగాన్ని నాటకంగా చదివితే వేరొక విషయం తేలుతుంది. మూడు కొత్త పరికరాలు తెచ్చామని చెప్పి, స్పర్శతో నడిచే వెడల్పు తెర ఐపాడ్, ఫోన్, ఇంటర్నెట్ సాధనం అని మూడింటినీ మళ్లీ మళ్లీ జపించి, చివరకు అవి మూడు కావు ఒక్కటేనని చెప్పే ఘట్టాన్ని ‘అద్భుతమైన ఆరంభం’గా బోధిస్తారు. నిజానికి అది ఆ ప్రసంగానికి ఆరంభం కాదు. ఆనాడు 20 నిమిషాలకు పైగా మాక్ కంప్యూటర్లు ఇంటెల్ ప్రాసెసర్లకు మారడం, ఐట్యూన్స్ అమ్మకాలు, ఆపిల్ టీవీ వంటి విషయాలు నడిచాయి. ఆ తరువాతే ఫోన్ వచ్చింది.

అంత దీర్ఘమైన పూర్వరంగం ఖేదకరం కాకపోవడానికి కారణం అధికారి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆనాడు కూర్చున్నవారు ఆ సంస్థ అభిమానులు, పాత్రికేయులు. ఫోన్ వస్తుందన్న వదంతులు అంతకుముందే వ్యాపించాయి. 1984 నాటి మాకింతోష్, 2001 నాటి ఐపాడ్ వారికి స్వానుభవాలు కనుకనే జాబ్స్ వాటిని పేర్కొని మూడవదాని స్థానాన్ని ఒక్క క్షణంలో నిర్ణయించగలిగాడు. చరిత్ర చెప్పడం ఇక్కడ ఆత్మస్తుతిగా తోచకపోవడానికి అది శ్రోతల చరిత్ర కూడా కావడమే హేతువు. ఆ వెంటనే పోటీ సంస్థల ఫోన్లను గీతపటంపై నిలిపి, వాటి కదలని మీటల బల్లను ఎత్తిచూపిన భాగం మన కావ్యాలలోని కుకవినిందను తలపిస్తుంది. కాకపోతే కుకవినింద సాధారణంగా పేర్లెత్తదు! ఈ అధికారి లేనిచోట, ఎవరికీ తెలియని ఒక కొత్త సంస్థ వక్త అదే మూడు వస్తువుల చమత్కారాన్ని అనుకరిస్తే అది అనుకరణగానే మిగిలిపోతుంది.

5. అవతారికలో శ్రోత స్థానం

తెలుగు కావ్యావతారికలను స్తుతిపాఠాలుగా తీసివేయడం పరిపాటి. వాటిలో అతిశయోక్తి ఉన్న మాట నిజమే. అయినా నన్నయ ఆదిపర్వ అవతారిక నిర్మాణం గమనించదగినది. అక్కడ భారతం తెలుగులో ఎందుకు కావాలో చెప్పేది కవి కాదు, రాజరాజనరేంద్రుడు. చంద్రవంశపు పాండవులు తన వంశకర్తలనీ, వారి చరితం వినాలని తనకు అభిలాష అనీ రాజే పలుకుతాడు. విషయం, ప్రయోజనం, శ్రోతకు దానితో గల సంబంధం శ్రోత నోటనే వెలువడ్డాయి. కవి వంతు వచ్చినప్పుడు మొదట చెప్పేది తన సామర్థ్యం కాదు, పని దుష్కరత్వం. ఆకాశంలోని తారలను లెక్కించడం వంటిదంటూ కొలత చెప్పి, ఆ పిదపే పూనుకుంటాడు.

ఈ క్రమానికి నేటి ప్రెజెంటేషన్ క్రమం దాదాపు విలోమం. అవతారికలలో కవి తన వంశాన్నీ చెప్పుకుంటాడు గాని విస్తారమైన వర్ణన కృతిపతి వంశానికే దక్కుతుంది. వ్యాపార ప్రసంగంలో వంశవర్ణన అంతా వక్తదే. శ్రోత అవసరం ఏ పన్నెండవ స్లైడులోనో తొంగిచూస్తుంది.

6. సంబంధం తెగినప్పుడు

ప్రారంభం శ్రోతను కట్టిపడేస్తే చాలుననే వాదానికి థెరనోస్ ఉదంతం గట్టి ప్రత్యుదాహరణ. వేలికొన నుంచి తీసిన కొన్ని చుక్కల రక్తంతో అనేక పరీక్షలు చేస్తామని ప్రకటించిన ఆ సంస్థ స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్, 2014లో టెడ్‌మెడ్ వేదికపై క్యాన్సర్‌తో మరణించిన తన మామయ్యను స్మరించుకుంది. సకాలంలో రోగం తెలిస్తే ఆత్మీయులకు ముందుగానే వీడ్కోలు చెప్పవలసిన దుఃఖం తప్పుతుందన్నది ఆమె మాటల సారం. కరదీపికలు కోరే లక్షణాలన్నీ అందులో ఉన్నాయి: స్వీయకథ, ఆర్ద్రత, స్పష్టమైన ప్రయోజనం. లేనిది సంబంధం. ఆ ప్రయోజనాన్ని సాధించే శక్తి ఆ యంత్రానికి లేదు. మదుపరులను మోసగించినట్లు 2022 జనవరిలో న్యాయస్థానం జ్యూరీ నిర్ధారించింది. కథ కదిలించింది కనుక యంత్రాన్ని ఎవరూ అడగలేదన్నది అతివ్యాప్తి కావచ్చు. కాని ఆకర్షణను మాత్రమే కొలిచే విమర్శ ఈ ప్రసంగాన్ని ఉత్తమమనే తేల్చవలసి ఉంటుందన్నది కాదనలేనిది.

7. తెలుగు నేలపై

2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ మొదలైన తరువాత మదుపరుల ముందు కొద్ది నిమిషాలలో తమ ఆలోచనను వినిపించడం తెలుగు యువతకు పరిచితమైన ప్రక్రియ అయింది. అక్కడి అచ్చు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చినదే. ఆ అచ్చునే చిరుధాన్యాల పిండి అమ్మే స్వయం సహాయక బృందం బ్యాంకు మేనేజరు ముందు వాడిందనుకుందాం. దేశంలో మధుమేహం ఎంత పెరిగిందో చెప్పే అంకెతో బృంద నాయకురాలు మొదలుపెడుతుంది. మదుపరికి అది విపణి విస్తృతి. మేనేజరుకు అది వార్తాపత్రికలో చదివిన సంగతి. ఆయన తెలుసుకోవలసింది వేరు: గత అప్పు కిస్తులు ఏ తేదీకి కట్టారు, పిండిమర ఎవరి పేరున ఉంది, సరుకు కొనే దుకాణాలు ఎన్నాళ్లకు డబ్బు ఇస్తున్నాయి. “పోయినసారి తీసుకున్న అప్పు గడువుకు రెండు నెలల ముందే తీర్చామండీ. ఇప్పుడు అడుగుతున్నది రెండో మర కోసం” అని ఆమె మొదలుపెడితే అందులో ప్రశ్న లేదు, కథ లేదు, చమత్కారం లేదు. విషయం, ప్రయోజనం, సంబంధం ఆ రెండు వాక్యాలలోనే ఉన్నాయి. అధికారి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.