నల్ల చిరుత మీద వెలుతురు

ఈ మధ్య మన దేశంలో చాలామంది సెల్‌ఫోన్లలోకి చేరిన అడవి జంతువుల్లో కర్ణాటకలోని కబిని నల్ల చిరుత ఒకటి. అలాంటి ఫొటోలు కొన్నింటిని నిదానంగా చూడండి. చిరుత కూర్చున్నది దట్టమైన చెట్ల నీడలో. అయినా ఒంటి మీది వెంట్రుకలూ, నలుపు కింద దాగిన మచ్చలూ, వెనకున్న చెట్టు బెరడు గీతలూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. చూడగానే అబ్బా అంటాం. మరి ఆ నీడ ఎక్కడికి పోయింది?

నల్ల చిరుత వేరే జాతి కాదు, మామూలు చిరుతే. జన్యువులో చిన్న మార్పు వల్ల ఒళ్లంతా నల్లబడుతుంది. మచ్చలు మాత్రం పోవు. ఏటవాలు ఎండ పడితే కనిపిస్తాయి కూడా. కాబట్టి ఫొటోలో మచ్చలు కనిపించినంత మాత్రాన అది అబద్ధం అనలేం. ఫొటోగ్రాఫర్ల పక్షాన ఇంకో మాట కూడా చెప్పాలి. ఎండలో ఉన్న ఆకునూ నీడలో ఉన్న జంతువునూ మన కన్ను దాదాపు ఒకేసారి చూసుకోగలదు. కెమెరాకి అంత శక్తి లేదు. ఎండకి సరిపెడితే నీడ బొగ్గులా అవుతుంది. అందుకే రా ఫైల్‌లో తీస్తారు. మామూలు జెపెగ్‌లో వెలుతురుకి 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. దాన్ని లైట్‌రూమ్‌లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి షాడోస్ స్లైడర్ కొంచెం జరిపితే, కన్ను చూసింది తిరిగి వస్తుంది. ఇది న్యాయమైన పని.

అయితే ఆ మెట్లన్నీ సమానంగా పంచి ఉండవు. సగం మెట్లు బాగా వెలుతురున్న భాగానికే పోతాయి. చీకటి భాగానికి దక్కేవి కొన్నే. ఆ కొన్నింటినే పట్టి సాగదీస్తే నల్లని చోట రంగురంగుల గింజలు లేస్తాయి, నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. గింజలు పోగొట్టడానికి నాయిస్ తగ్గిస్తారు. దాంతో వెంట్రుకలు మైనంలా కరిగిపోతాయి. వాటిని మళ్లీ లేపడానికి 2019లో వచ్చిన టెక్స్చర్ స్లైడర్ జరుపుతారు, దానిపైన క్లారిటీ. కృత్రిమ మేధతో నాయిస్ తీసే పరికరాలైతే, అంతకుముందు ఎన్నో ఫొటోల్లో నేర్చుకున్నదాన్ని బట్టి వెంట్రుక ఎలా ఉండాలో ఊహించి వేస్తాయి. అప్పటికి మనం చూస్తున్నది ఆ చిరుత ఒళ్లో, చిరుత ఒళ్లు ఇలా ఉంటుందన్న అంచనాయో చెప్పలేం.

లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ కఠినమైన నియమాలకి పేరుపొందింది. గేటు దూకుతున్న తోడేలు ఫొటోకి ఇచ్చిన బహుమతిని, అది మచ్చికైన తోడేలని న్యాయనిర్ణేతలు నమ్మి 2010లో వెనక్కి తీసుకున్నారు. ఫొటోగ్రాఫర్ కాదన్నా ఒప్పుకోలేదు. ఫొటోలో లేనిది చేర్చకూడదు, ఉన్నది తీసేయకూడదు అన్నది ఆ నియమాల సారం. వెలుగునీడల్ని మాత్రం కొంత సర్దుకోవచ్చు. నా అభ్యంతరం ఇక్కడే. కొమ్మని తీసేస్తే తప్పు అయినప్పుడు, చీకటిని తీసేస్తే సర్దుబాటు ఎలా అవుతుంది? అడవిలో చీకటి కూడా ఉన్న వస్తువే. నల్ల చిరుత దాగేది అందులోనే, వేటాడేది దాని అండతోనే.

చీకటిని తొలగించడం ప్రతిసారీ తప్పని నేననను. మలేషియా ద్వీపకల్పంలో చిరుతలు దాదాపు అన్నీ నల్లవే. మచ్చల తేడా తెలియక ఏ చిరుత ఏదో గుర్తుపట్టలేకపోయేవారు, లెక్క కుదిరేది కాదు. పరిశోధకులు అడవిలో కట్టిన కెమెరాల వెలుతురు సెన్సార్‌ని కప్పేసి, పగలు కూడా ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ వెలిగేలా చేశారు. మచ్చలు బయటపడ్డాయి. ఒక్కో చిరుతనూ గుర్తించి లెక్కించగలిగారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో మచ్చలు ఎందుకు బయటికి తెచ్చారో, ఎలా తెచ్చారో రాసిపెట్టారు. మన ఫోన్లకి వచ్చే ఫొటోల కింద సాధారణంగా ఆ రెండూ ఉండవు.

ఇందులో మనకేం పోయిందని అడగవచ్చు. పోయేది మన పిల్లల చదువు. బడి గోడ మీదా, క్యాలెండర్‌లోనూ, ఫోన్‌లోనూ చిరుత ఎప్పుడూ ప్రతి వెంట్రుకా తెలిసేలా కనిపిస్తే, అడవిని కళ్లతోనే తెలుసుకోవచ్చని పిల్లలు అనుకుంటారు. పొద్దుగూకే వేళ పదడుగుల దూరంలో పొదలో పడుకున్న చిరుత కంటికి దొరకదు. దాన్ని పట్టించేవి కొండముచ్చు అరుపు, దుప్పి కూత, తడి నేల మీది జాడ. మన పెద్దల చదువు ఇదే. పొద్దుపోయాక ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో ఆ చదువే చెబుతుంది. సఫారీ జీపులు కూడా చాలాసార్లు ఆ కూతలు వినే జంతువు దగ్గరికి చేరతాయి. ఫొటో బయటికి వచ్చేసరికి విన్న చెవి ఊసు ఉండదు. కబినిని ఆనుకున్న నాగరహొళె జేను కురుబల అడవి. వాళ్లలో ఎన్నో కుటుంబాలని ఆ అడవి నుంచి బయటికి పంపేశారు. అక్కడి చీకటిని చదవగలిగినవాళ్లు వాళ్లు.

ఫొటోలు తీస్తున్న మన పిల్లలకి నేను చెప్పేది ఒకటే. కెమెరా పోగొట్టినదాన్ని తిరిగి తెచ్చుకోండి. అక్కడ నిలబడ్డ మనిషికి కూడా కనపడనిదాన్ని నలుపుగానే ఉంచండి. కళ్లూ, చెవి అంచూ, వెన్ను గీతా కనిపిస్తే చాలు, మిగతా చిరుతని చూసేవాళ్లు వెతుక్కుంటారు. నీడని ఎంత ఎత్తారో ఫొటో కింద రాయండి. జంతువు ఉందని మీకు మొదట చెప్పినవాళ్ల పేరు కూడా, వాళ్లు ఒప్పుకుంటే, అక్కడే రాయండి.