తవుడు నూనె గుట్టు విప్పిన ప్రయోగం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి 1986లో ఒకటి, 1987లో ఒకటి, రెండు పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. రాసినవారు ఆర్.డి. శర్మ, సి. రుక్మిణి. మనం పశువుల దాణాలో కలిపే తవుడు నుంచి తీసిన నూనె రక్తంలో కొలెస్టరాల్‌ని తగ్గిస్తుందా? ప్రశ్న ఇంతే. దాన్ని పరీక్షించిన తీరులో ఎంత పనితనం ఉందో!

పోటీకి నిలబెట్టిన నూనె చూడండి. కొబ్బరి నూనెతో పోల్చి ఉంటే తవుడు నూనె తేలిగ్గా గెలిచేది, ఆ గెలుపుకి విలువ ఉండేది కాదు. వాళ్లు వేరుశనగ నూనెను ఎంచుకున్నారు. రెండింట్లోనూ ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలదే పెద్ద వాటా. మేతలో ఏ నూనె అయినా 10 శాతమే. తిన్నవన్నీ తెల్ల మగ ఎలుకలే. ఎలుక కాలేయం కొలెస్టరాల్‌ని చురుగ్గా పిత్త ఆమ్లాలుగా మార్చేస్తుంది కాబట్టి, దాని రక్తంలో అది ఓ పట్టాన పెరగదు. అందుకని కొలెస్టరాల్ కలిపిన మేత, కలపని మేత రెండూ పెట్టి చూశారు. రెండింటిలోనూ తవుడు నూనె తిన్నవాటి రక్తంలోనే కొలెస్టరాల్ తగ్గింది. పైగా మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ పెరిగింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి అడుగు. రక్తంలో తగ్గిన కొలెస్టరాల్ ఎటు పోయింది? కాలేయంలో పేరుకుంటే అది లాభమే కాదు. కాలేయాలు పరీక్షించారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. మలం పరీక్షించారు. అందులో కొలెస్టరాల్ జాతికి చెందిన స్టెరాల్స్, పిత్త ఆమ్లాలు ఎక్కువగా ఉన్నాయి. అంటే, ఒంట్లోంచి బయటికే పోతోందన్నమాట.

కొవ్వు ఆమ్లాలు దగ్గరదగ్గరగా ఉన్నా తేడా వచ్చిందంటే కారణం మరోచోట ఉండాలి. తవుడు నూనెలో సబ్బుగా మారని భాగం సుమారు 4 శాతం. స్టెరాల్స్, ఓరిజనాల్ అనే పదార్థం ఉండేది అందులోనే. 1987లో ఆ భాగాన్నే విడదీసి, కొలెస్టరాల్ ఎక్కువున్న మేతలో 0.4 శాతం కలిపారు. 10 శాతం నూనెలో ఉండేది దాదాపు అంతే! కొలెస్టరాల్ మళ్లీ తగ్గింది. 1989లో మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ శాస్త్రవేత్తలు తవుడు నూనె మేతకు 0.5 శాతం ఓరిజనాల్ చేరిస్తే ఇంకా తగ్గింది.

ఎలుకలో తేలిందంతా మనిషికి వర్తించదు, నిజమే. అయినా ఒక్క మాట. క్షారంతో శుద్ధి చేస్తే ఓరిజనాల్ చాలావరకు పోతుంది. తవుడు నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఓరిజనాల్ ఎంతుందో చూసి కొనండి.