నంది కొండ వగరు

షడ్రుచుల్లో వగరును మనం పెద్దగా పట్టించుకోం. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క తగిలినప్పుడు తలుచుకుని వదిలేస్తాం. గ్రోవర్ వారి ‘లా రిజర్వ్’ తాగేటప్పుడు మాత్రం నా ధ్యాసంతా దాని మీదే. కాబర్నే సావిన్యాన్, షిరాజ్ ద్రాక్షలు కలిపి చేసే ఈ రెడ్ వైన్‌లో పనితనమంతా వగరును మచ్చిక చేసుకోవడంలోనే ఉంది.

2007లో చిక్కబళ్ళాపురం జిల్లా విడిపడేదాకా నంది కొండ కోలారు జిల్లాలోదే. ఆ కొండకు అవతల, దొడ్డబళ్ళాపురం దగ్గర, కన్వల్ గ్రోవర్ 1988లో ఈ కంపెనీ పెట్టారు. చుట్టుపక్కల రైతులు వేసేది బెంగళూరు బ్లూ. తినడానికీ రసానికీ పనికొచ్చే పండు. కాబర్నే తీరు వేరు. చిన్న కాయ, మందపాటి తోలు, గుజ్జు తక్కువ, గింజ పెద్దది. తోలులోనూ గింజలోనూ వగరే. తొందరపడి కోస్తే క్యాప్సికమ్ పచ్చి వాసన కూడా తోడవుతుంది.

ఇక్కడి చలికి తీగ నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు, పంట మాత్రం ఒక్కటే. వానలు తగ్గాక చేసే రెండో కత్తిరింపు మీద వచ్చిన కాయ ఫిబ్రవరి, మార్చి పొడి ఎండల్లో పండుతుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తు కాబట్టి రాత్రిళ్ళు చల్లబడి పులుపు నిలుస్తుంది. పూత మీద ఈశాన్య వాన ఎంత పడిందో, పండే వేళ రాత్రులు ఎలా గడిచాయో, సీసా మీది సంవత్సరం చెప్పేది అదే.

కాయ బాగా పండాకే కోయాలన్నది 1990ల నుంచి సలహాదారుగా పనిచేసిన బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ పట్టు. పులిసేటప్పుడు తోలు రసంలోనే నానాలి. రంగు దిగాలి, గింజ వగరు మరీ దిగకూడదు. ఎప్పుడు వడకట్టాలో నాలుకే తేల్చాలి. తర్వాత ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో, చెక్కలోంచి అతి మెల్లగా తగిలే గాలికి వగరులో గరుకు పోతుంది.

తెల్ల గుడ్డ ముందు గ్లాసు వంచితే నడుమ నేరేడు రంగు, అంచున కెంపు. గుక్కలో ముందు పండు, మిరియం, ఆపైన వగరు. పచ్చి అరటికాయలా నోరు పట్టేయదు. వక్క నమిలాక చిగుళ్ళ మీద మిగిలినట్టు సన్నగా, సమంగా పరుచుకుంటుంది.

రాగి సంగటి, వేటమాంసం పులుసుతో తాగి చూశాను. కారం తగ్గించి వండాలి, మిరప మంట వగరును రెచ్చగొడుతుంది. మాంసంలోని ప్రొటీను వగరును పట్టి తీసుకుపోతుంది. ముద్ద దిగాక రెండో గుక్క వేస్తే, అంతవరకూ వెనక దాగిన పీపా చెక్క వాసన మెల్లగా ముందుకొచ్చింది.