కిలుము గీకిన చెయ్యి

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో కొత్తగా ఫోన్ పెట్టించుకున్నవాళ్లకు నెట్ కోసం మరో తీగ అక్కర్లేకపోయింది. మాట నడిచే రాగి తీగల జంట మీదే, మాటకన్నా పై పౌనఃపున్యాల్లో డేటా నడుస్తుంది. నడిపించేది మాత్రం లైన్‌మన్ చెయ్యి.

స్తంభం మీది డబ్బా తెరిచి, కిలుము పట్టిన కొస కత్తిరించి, తొడుగు ఒలిచి, రాగి తళతళలాడేదాకా గీకి, బిగువుగా మెలేస్తాడు. సిరిసిల్ల సాంచెల (మరమగ్గాల) మీద తెగిన పోగు అతికే చేతికున్నంత నేర్పు అది! వదులు జాయింటుతోనూ ఫోన్ మోగుతుంది. నెట్ మాత్రం వాన పడగానే తెగితెగి వస్తుంది. అందుకే మంచి లైన్‌మన్ డయల్ టోన్ వినగానే వెళ్లిపోడు. ఇంట్లో మాటనూ డేటానూ వేరుచేసే స్ప్లిటర్ బిగించి, మోడెం మీద డీఎస్ఎల్ దీపం నిలకడగా వెలిగేదాకా ఉంటాడు. ఎక్స్చేంజ్‌కు దూరమైన ఇంట్లో వేగం తగ్గితే అతన్ని తిట్టకండి. దూరం పెరిగేకొద్దీ రాగిలో సంకేతం నీరసిస్తుంది.