నాలుగు గొంతులు, రెండు పట్టెలు

పాశ్చాత్య సంగీతమున బృందగానము సాధారణముగా నాలుగు గొంతులకు వ్రాయబడును. స్త్రీలలో హెచ్చు గొంతును సొప్రానో అనియు, తగ్గు గొంతును ఆల్టో అనియు అందురు. పురుషులలో హెచ్చు గొంతు టెనర్. తగ్గు గొంతు బేస్. మన కర్ణాటక సంగీతమున పదిమంది కలసి పాడినను అందరి స్వరము ఒక్కటే కనుక ఒక వరుస సరిగమలు చాలును. అచ్చట ఒకే క్షణమున నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు స్వరములు పలుకవచ్చును. కనుకనే వ్రాతలో చిక్కు వచ్చినది.

ఆ సంగీతమును వ్రాయు అయిదు గీతల పట్టెకు స్టాఫ్ అని పేరు. ఒక్కొక్క గొంతునకు ఒక్కొక్క స్టాఫ్ నిచ్చినచో స్పష్టముగా నుండును. కాని కాగితము ఎక్కువ పట్టును. మాటిమాటికి పుట త్రిప్పవలెను. సొప్రానో, ఆల్టోలను ఒక స్టాఫు మీదను, టెనర్, బేస్‌లను వేరొక స్టాఫు మీదను చేర్చినచో పట్టెల సంఖ్య సగమగును. ఆర్గను వాయించువారు కూడ నాలుగు స్వరములను ఒక్క చూపున చదువగలరు.

ఈ చేర్పునకు చిరకాలముగ ఒక నియమము గలదు. స్వరచిహ్నపు గుండ్రని తలకు అంటియుండు నిలువుగీతను కాడ అందము. పై గొంతు కాడలు పైకి, క్రింది గొంతు కాడలు క్రిందికి ఉండవలెను. ఇద్దరును ఒకే స్వరమును పాడుచోట ఒకే తలకు రెండు కాడలు వేయుదురు. కాబట్టి బృందగానమున కాడ అలంకారము కాదు; ఆ స్వరము ఎవరిదో చెప్పు గుర్తు. ఈ మాటను మనస్సున నుంచుకొని, ఒక కంప్యూటరు ప్రోగ్రాము ఈ పనిని ఎట్లు చేయుచున్నదో పరీక్షింతము.

లిలీపాండ్ అనునది 1996లో హాన్-వెన్ నీన్‌హైస్, యాన్ నీవెన్‌హైజెన్ అను ఇద్దరు ప్రారంభించిన ఉచిత స్వరలేఖన సాఫ్ట్‌వేర్. అందు 'పార్ట్‌కంబైన్' అను ఆజ్ఞ గలదు. అది రెండు వరుసలను పోల్చి చూచును. రెండింటి కాలప్రమాణము ఒకటియై, స్వరముల మధ్య దూరము సా నుండి పై స్థాయి రీ వరకు గల దూరమును మించనిచో రెండు తలలను ఒకే కాడకు గ్రుచ్చును. స్వరము ఒక్కటే అయినచో ఒకసారి వ్రాసి, పైన 'ఎ2' అని, అనగా ఇద్దరును అని, సూచించును. కాలప్రమాణములు వేరైనను, వరుసలు ఒకదాని నొకటి దాటినను కాడలను విడదీయును. ఒకరు ఊరకున్నచో రెండవవారి స్వరముపై 'సోలో' అని వ్రాయును.

ఇద్దరు ఫ్లూటు వాద్యకారుల విషయమున ఇది చక్కని పద్ధతి. ఏలయన చేర్చిన పుటను చదువునది బృంద నిర్వాహకుడు. వాద్యకారుల యెదుట ఎవరి పుట వారికి వేరుగా నుండును. బృందగానమున అట్లు కాదు. చేర్చిన పుటనే గాయకులు పట్టుకొని పాడవలెను. అదియే కష్టమునకు మూలము.

ఇరువదిమంది సొప్రానోలు పాడుచు, ఆల్టోలు ఊరకుండు చోటును తీసికొందము. పుటపై 'సోలో' అని పడును. దానిని నమ్మినచో పందొమ్మిదిమంది నోరు మూసుకొనవలెను! ఆ మాటను అచ్చు కాకుండ ఆపు వీలు లిలీపాండ్‌లో గలదు. కాని ఆపిన తరువాత వేరొక చిక్కు వచ్చును. ఊరకున్న గొంతునకు విరామచిహ్నము అచ్చట ముద్రింపబడదు. ఇక ఆల్టోలు ఆ స్వరము తమదియు ననుకొని పాడిన తప్పెవరిది?

సాహిత్యము విషయము మరింత ముఖ్యము. హాండెల్ 1741లో రచించిన 'మెస్సయ్య'లోని హల్లెలూయా బృందగానమును చూడుడు. ఆరంభమున నాలుగు గొంతులు ఒకే లయలో ఒకే మాటను పలుకును, చేర్పు సులభము. తరువాత ఒక వాక్యమును అందరును ఏకస్వరముగ పాడుదురు, ఇదియు సులభమే. పిమ్మట కొన్ని గొంతులు ఆ వాక్యమును దీర్ఘస్వరములతో పాడుచుండగా తక్కినవి హల్లెలూయా అని త్వరగా పలుకుచుండును. ఇచ్చట ఒక స్టాఫునకు ఒక్క వరుస అక్షరములు చాలవు. ఏ అక్షరము ఏ గొంతుదో తెలియవలెనన్న ప్రతి గొంతునకును వేరు పేరుండవలెను. పేరు పెట్టి సాహిత్యమును జతపరచినచో పార్ట్‌కంబైన్ పనిచేయుట మానును. ఈ ఆజ్ఞ సాహిత్యముతో వాడుటకు ఉద్దేశింపబడలేదని లిలీపాండ్ వివరణ గ్రంథమే నిజాయితీగా చెప్పుచున్నది.

అట్లని ప్రోగ్రామునంతటిని నిందించుట న్యాయము కాదు. అందే బృందగానమునకు ప్రత్యేకమైన అచ్చుకట్టు గలదు. అందు ప్రతి గొంతు తన పేరును, తన కాడను, తన సాహిత్యమును నిలుపుకొనును. రెండు గొంతులకు ఒక స్టాఫా, గొంతునకొక స్టాఫా అనునది ఒక్క మాటతో మార్చుకొనవచ్చును. వాడవలసినది ఇదియే.

టెనర్ విషయమున ఒక హెచ్చరిక. వేరు స్టాఫు ఉన్నప్పుడు టెనర్‌ను ట్రెబుల్ క్లెఫ్‌లో వ్రాసి, క్రింద 8 అంకె వేయుదురు. వ్రాసిన చోటుకంటె ఒక స్థాయి క్రింద పాడవలెనని అర్థము. సెకనుకు 440 కంపనముల స్వరము వలె కనబడునది నిజముగ 220 కంపనములదే. ఆ 8 లేకుండ ఎక్కించిన స్వరములను బేస్ క్లెఫ్‌లోనికి మార్చినచో టెనర్ ఒక స్థాయి పైకి పోవును. యంత్రము తన కిచ్చిన దానినే నమ్మును.

చేర్పు మంచిదా చెడ్డదా అని తేల్చుటకు ఉపాధ్యాయులు ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చును. చేర్చిన పుటను విద్యార్థి కిచ్చి, ఆల్టో వరుసను మాత్రమే స్వరము, కాలము, విరామము, అక్షరములతో విడదీసి వ్రాయుమని చెప్పవలెను. ఎచ్చట ఊహ అవసరమగునో అచ్చట చేర్పు చెడినదన్నమాట. అచ్చట స్టాఫులను విడదీయుటయే మేలు. కాగితమును మిగుల్చుట మంచిదే గాని, ఏ గొంతును పోగొట్టుకొని మిగుల్చరాదు.